చెయ్యి తిరిగాక ఏం మిగులుతుంది?



టైపు ఇనిస్టిట్యూట్ నడిపిన మనిషి పేరిట స్మారకోపన్యాసం పెట్టడం అరుదు. ఇందుకు నిధి కూడబెట్టింది ఆయన శిష్యులే. బ్యాంకుల్లో, కోర్టుల్లో, కలెక్టరాఫీసుల్లో చేసి రిటైరైన వాళ్లు ఈ ముందు వరుసల నిండా కనిపిస్తున్నారు. నేనూ ఆ బాపతే. డాక్టరు సీటు రాకపోతే గుమస్తాగానైనా బతుకుతాడని మా నాన్నగారు ఇంటర్ సెలవుల్లో నన్ను అక్కడ చేర్పించారు. పొద్దున్నే మొదటి బ్యాచి. బల్లల మీద బరువైన రెమింగ్టన్లు, అక్షరాలు కనబడకుండా చేతుల మీదుగా కప్పిన పాత తువ్వాలు, ఎ ఎస్ డి ఎఫ్ అంటూ పేజీ నిండా ఒకటే లైను. లైను చివర గంట టింగుమనగానే ఎడమచేత్తో లివరు నెట్టాలి. గంటసేపు కాగానే లేచిపోవాలి. ఇంకొక్క పేజీ కొట్టుకుంటాను మాస్టారూ అంటే, ‘వెనక బ్యాచి నిలబడుంది, లేవరా’ అనేవారు.

పక్షవాతంతో పడిపోయిన చేతికి గ్లాసు పట్టుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం మళ్లీ నేర్పించే విభాగంలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. వేళ్లకు పని నేర్పడమే మాస్టారి వృత్తి, నాదీ అదే. నేర్పింది నిలుస్తుందా లేదా అన్న బెంగ కూడా ఇద్దరికీ ఉమ్మడిదే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. నేను చెప్పబోయేది ముందే చెప్పేస్తాను, మధ్యలో ఎవరైనా కాఫీకి లేచినా నష్టం ఉండదు: సాధన చేసిన రోజు చివర్లో కనబడే పనితనం చూసి, అందులో ఎంత మిగులుతుందో అంచనా కడితే గురువూ శిష్యుడూ ఇద్దరూ మోసపోతారు. ఈ రెండూ వేర్వేరు సంగతులని చెప్పడానికి నూరేళ్లకు పైబడిన ఆధారాలున్నాయి.

టైపుతోనే మొదలుపెడతాను. అమెరికాలో ఎల్.బి. హిల్ అనే ఆయన ముప్పయ్యో ఏట టైపు నేర్చుకున్నాడు. రోజూ ఎంత వేగం, ఎన్ని తప్పులు అని లెక్క రాసుకున్నాడు. ఆ లెక్కలు 1913లో, మనస్తత్వ శాస్త్రంలో పెద్ద పేరున్న థార్న్‌డైక్‌తో కలిసి రాసిన వ్యాసంలో అచ్చయ్యాయి. తర్వాత పాతికేళ్లపాటు ఆయన టైపు జోలికి పోలేదు. అప్పుడు మళ్లీ కూర్చుని, మునుపటి స్థాయికి చేరడానికి ఎంత సాధన పడుతుందో కొలిచి 1934లో ప్రకటించాడు. అంతటితో వదల్లేదు. ఇంకో పాతికేళ్లు ఆగి, ఎనభయ్యో ఏట మూడోసారి మిషను ముందు కూర్చున్నాడు. ఆ వ్యాసం 1957లో వచ్చింది. ఒక ప్రయోగానికి యాభై ఏళ్లు కాచుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. కూర్చోగానే పాత వేగం రాలేదు. కానీ మొదటిసారితో పోలిస్తే చాలా తక్కువ సాధనతో చెయ్యి దారిలో పడింది. ఒక్క మనిషి, అదీ తనను తానే కొలుచుకున్నవాడు, శాస్త్రానికి సరిపోడని అనొచ్చు. నిజమే. అయినా యాభై ఏళ్లనాటి అలవాటు ఎనభయ్యేళ్ల వేళ్లలో ఏదో ఒక రూపంలో ఉందనడానికి ఆ ఒక్కడూ చాలు.

ఆయన వాడిన కొలబద్ద జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్‌ది. 1885లో వచ్చిన పుస్తకంలో ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షర గుచ్ఛాలను తానే బట్టీపట్టి, కొంతకాలం ఆగి, మళ్లీ బట్టీపట్టి, రెండోసారి ఎంత సమయం కలిసివచ్చిందో లెక్కవేశాడు. అడిగితే ఒక్క గుచ్ఛమైనా నోటికి రాకపోవచ్చు. మళ్లీ నేర్చుకోవడానికి మాత్రం మొదటిసారి కన్నా తక్కువసేపు పడుతుంది. ఆ కలిసివచ్చిన సమయమే మిగిలిన జ్ఞాపకానికి కొలత. చేతి పనుల్లో ఇంతకన్నా న్యాయమైన కొలత నాకు తెలియదు. ఇరవై ఏళ్లుగా వీణ పక్కన పెట్టేసిన ఇల్లాలిని ఎవరి ముందో కూర్చోబెట్టి వాయించమంటే, మొదటి పది నిమిషాలు చూసి ‘అంతా పోయింది’ అంటారు. పోయిందో లేదో తెలియాలంటే పదిహేను రోజులు కూర్చోనివ్వాలి.

పనిని మెదడులో ఏ భాగం దాచుకుంటుందన్న ప్రశ్నకు పెద్ద మలుపు ఒక శస్త్రచికిత్స వల్ల వచ్చింది. మూర్ఛలు ఎంతకూ తగ్గని 27 ఏళ్ల హెన్రీ మోలైసన్‌కు 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే న్యూరోసర్జన్ ఆపరేషన్ చేశాడు. మెదడుకు రెండు పక్కలా, కణతల లోపలి వైపు భాగాన్ని, హిప్పోకాంపస్‌లో చాలా మటుకు కలిపి తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి గానీ ఆ రోజు నుంచి కొత్త సంగతి ఏదీ ఆయన మనసులో నిలవలేదు. ఇంతసేపు కబుర్లు చెప్పిన మనిషి కాసేపు బయటికి వెళ్లి తిరిగొస్తే, ఎవరో కొత్తవాళ్లు వచ్చినట్టు పలకరించేవాడు. 2008లో కన్నుమూసేదాకా శాస్త్ర పత్రికల్లో ఆయన పేరు రెండక్షరాలు మాత్రమే: హెచ్.ఎం.

మాంట్రియల్ నుంచి బ్రెండా మిల్నర్ ఆయన్ని పరీక్షించడానికి వెళ్లేది. ఆమె పెట్టిన పరీక్షల్లో ఒకటి చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. కాగితం మీద నక్షత్రం బొమ్మ, ఒకదాని లోపల ఒకటిగా రెండు గీతలతో. ఆ రెండు గీతల మధ్య సందులో పెన్సిలుతో చుట్టూ గీసుకుంటూ రావాలి. అయితే కాగితానికీ చేతికీ అడ్డంగా పలక ఉంటుంది. చెయ్యి అద్దంలో తప్ప కనబడదు. ఇంటికి వెళ్లి చేసి చూడండి: మూల దగ్గరికి రాగానే పెన్సిలు మీరు అనుకున్న దిక్కుకు కాక ఎదురు దిక్కుకు పోతుంది, సరిచేయబోతే ఇంకా పక్కకు పోతుంది, చెయ్యి కాసేపు అక్కడే వణుకుతూ నిలబడిపోతుంది. హెన్రీ రోజుకు పదిసార్ల చొప్పున మూడు రోజులు గీశాడు. మనందరిలాగే రోజురోజుకూ తప్పులు తగ్గాయి. మొదటి రోజు సంపాదించింది రెండో రోజుకు పోలేదు, రెండో రోజుది మూడో రోజుకు పోలేదు. ఆయనకు మాత్రం ప్రతి రోజూ ఆ బొమ్మ కొత్తదే. ఇది కష్టమవుతుందనుకున్నానే, బాగానే వచ్చిందే అని తనే ఆశ్చర్యపోయాడట. మిల్నర్ దీన్ని 1962లో ప్రకటించింది. చాలా ఏళ్ల తర్వాత సుజాన్ కోర్కిన్ బృందం ఇలాంటి అద్దపు గీతల నేర్పు ఆయనలో దాదాపు ఏడాది తర్వాత కూడా చెక్కుచెదరకుండా ఉందని చూపించింది.

దీని నుంచి మా వార్డులోకి వచ్చిన పాఠం చాలా విలువైనది. పొద్దున నేర్పించింది సాయంత్రం ‘నాకెవరూ చెప్పలేదే’ అనే పేషెంటును మొండివాడనో, శ్రమ దండగ అనో వదిలేయకూడదు. అల్జీమర్స్ ఉన్నవాళ్లు తిరిగే పళ్లెం మీది చుక్కను కడ్డీతో వెంబడించే పనిని మామూలువాళ్లలాగే నేర్చుకోగలరు. మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా దెబ్బతినే హంటింగ్టన్ వ్యాధిలో అది కుదరదు. అంటే మాటల జ్ఞాపకానికి ఒక చోటు, చేతి పనికి మరికొన్ని చోట్లు. చిన్నమెదడు, బేసల్ గాంగ్లియా, కదలికలను నడిపే కార్టెక్స్ ఈ రెండో జట్టులోవి.

ఇక్కడే జనంలో పాతుకుపోయిన ఒక నమ్మకాన్ని కొంచెం కదిలించాలి. సైకిలూ ఈతా ఒకసారి వస్తే జన్మలో పోవంటారు. ఆ మాట సైకిలుకీ ఈతకీ చాలావరకు సరిపోతుంది, అన్నిటికీ కాదు. 1962లోనే ఫ్లైష్‌మన్, పార్కర్ అనే ఇద్దరు, విమానం నడపడాన్ని పోలిన ఒక పనిని కొందరికి వారాల తరబడి నేర్పించారు. అది కదిలే గుర్తును చేతులతోనూ కాళ్లతోనూ వదలకుండా వెంబడించే పని. తర్వాత తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల దాకా విరామం ఇచ్చి పిలిచారు. రెండేళ్ల తర్వాత కూడా పోయింది స్వల్పం, అదీ మొదటి కొద్ది నిమిషాల్లో తిరిగొచ్చింది. దీనికి పూర్తి భిన్నంగా, గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కే సీపీఆర్ సంగతి చూడండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలని మేం బొమ్మ మీద నేర్పుతాం. ఒక పూట శిక్షణ, చివర్లో అందరూ చక్కగా చేస్తారు, సర్టిఫికెట్ ఇస్తాం. మూడు నెలల నుంచి ఆరు నెలలు తిరిగేసరికి నర్సుల్లో, డాక్టర్లలో కూడా ఆ నైపుణ్యం తరిగిపోతుందని ఎన్నో పరిశీలనలు చెబుతున్నాయి. సర్టిఫికెట్‌కు మాత్రం చాలాచోట్ల రెండేళ్ల గడువు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా చూస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఎందుకీ తేడా? ఒక కారణం పని స్వభావం. తెంపు లేకుండా సాగే పనిలో ప్రతి కదలికా తర్వాతి కదలికను లాక్కొస్తుంది. ముందు ఇది, తర్వాత అది అని మెట్లుగా సాగే పనిలో మెట్టు మరిచిపోతే చేతికి ఎంత నేర్పున్నా ఆగిపోవాల్సిందే. రెండో కారణం ఎంతకాలం నేర్పామన్నది. వారాల తరబడి వెంబడించిన కదలికకూ, ఒక పూట నొక్కిన బొమ్మకూ పోలికేముంది?

ఫ్లైష్‌మన్, పార్కర్ ఇంకో మాట కూడా అన్నారు. శిక్షణ ముగిసేనాటికి ఎవరు ఎంత నేర్పు సంపాదించారో దాన్నిబట్టే ఎంత మిగిలిందో ఉందని. మొదట్లో నేను చెప్పినదానికి ఇది అడ్డం తిరిగినట్టు కనిపిస్తుంది. కాసేపట్లో దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

నేర్చిన వెంటనే జ్ఞాపకం పచ్చిగా ఉంటుందని, కొంత సమయం గడిస్తేనే గట్టిపడుతుందని 1900లో జర్మనీలో మ్యూలర్, పిల్‌జెకర్ ప్రతిపాదించారు. వాళ్లు మాట్లాడింది మాటల జ్ఞాపకం గురించి. చేతి విషయంలో దీన్ని పరీక్షించిన ప్రసిద్ధ ప్రయోగం 1996లో అమెరికాలోని ఎంఐటీ నుంచి వచ్చింది. రోబో చేతికి ఉన్న పిడి పట్టుకుని తెర మీది గుర్తుల దగ్గరకు చెయ్యి చాపాలి. చాపుతుంటే రోబో చేతిని ఒక పక్కకు నెడుతుంది. మొదట చెయ్యి వంకర పోతుంది, క్రమంగా ఆ నెట్టుడుకు తగ్గట్టు బలం సర్దుకుని తిన్నగా వెళుతుంది. ఇప్పుడు హఠాత్తుగా నెట్టుడు ఆపేస్తే చెయ్యి ఎదురు పక్కకు వంకర పోతుంది. నేర్చుకున్నాడనడానికి అదే సాక్ష్యం. మొదటిది నేర్చిన వెంటనే ఎదురు దిక్కుకు నెట్టే రెండో రకం నేర్పితే, మర్నాటికి మొదటిది మిగల్లేదు. నాలుగు గంటలు ఆగి నేర్పితే మిగిలింది. పాఠ్యపుస్తకాలు దీన్ని వెంటనే అందుకున్నాయి. చేతి జ్ఞాపకం గట్టిపడటానికి నాలుగైదు గంటలు పడుతుందని మేం క్లాసుల్లో చెప్పేశాం.

2004లో కెయిత్‌నెస్, వోల్పర్ట్ తదితరులు అదే తరహా ప్రయోగాలు మళ్లీ చేశారు. రోజు ఆగి నేర్పినా, వారం ఆగి నేర్పినా రెండోది మొదటిదాన్ని చెరిపేసినట్టే కనబడింది. దానికి జవాబుగా మరికొందరు, శిక్షణ పెంచి, మధ్యలో వట్టి చేతి కదలికలు పెట్టి చూస్తే మొదటిది ఉన్నట్టే తేలిందన్నారు. ఈ తగువు పూర్తిగా తీరలేదు. నా మటుకు నాకు, గడియారం చూసి గట్టిపడే జ్ఞాపకం అన్న బొమ్మ మీద నమ్మకం తగ్గింది. రెండోది మొదటిదాన్ని తుడిచేస్తోందా, లేక మొదటిది లోపలే ఉండి పైకి రాకుండా రెండోది అడ్డుపడుతోందా అన్నది ఆ ప్రయోగాలు విడదీయలేకపోయాయి.

నిద్ర గురించి కూడా ఒక మాట. 2002లో హార్వర్డ్‌లో మాథ్యూ వాకర్, స్టిక్‌గోల్డ్ బృందం నాలుగు మీటల మీద అయిదు దెబ్బల వరసను వేగంగా కొట్టించింది. 4-1-3-2-4, అర నిమిషం కొట్టడం, అర నిమిషం ఆగడం. రాత్రి నిద్రపోయి వచ్చినవాళ్లు సాధన లేకుండానే సుమారు 20 శాతం వేగం పెంచుకున్నారు. పగలంతా మెలకువగా ఉన్నవాళ్లలో అంత పెరుగుదల లేదు. తర్వాత టిమొతీ రికార్డ్ వంటివాళ్లు ఆ లెక్కలో ఇబ్బంది పట్టుకున్నారు. సాధన చివర్లో వేళ్లు అలిసి వేగం తగ్గుతుంది. నిద్ర లేచాక ఆ అలసట ఉండదు. అలిసిన వేళ్లను తాజా వేళ్లతో పోల్చి పెరిగిందంటున్నారని వాళ్ల అభ్యంతరం. నిద్ర ఉన్నదాన్ని కాపాడుతుందన్న మాటను నేను ఒప్పుకుంటాను. ఊరకే పెంచుతుందన్నదాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోను. చూశారా, ఈ తగువులో కూడా మనల్ని తప్పుదారి పట్టించింది సాధన చివరి నిమిషాల కొలతే.

ఇక నా వాదనకు ఆయువుపట్టు దగ్గరికి వచ్చాను. 2006లో మారిస్ స్మిత్, అలీ గజిజాదే, రెజా షాద్‌మెహర్ ఒక ఆలోచన ముందుపెట్టారు. కొత్త పనికి చెయ్యి సర్దుకునేటప్పుడు మెదడులో కనీసం రెండు ప్రక్రియలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి చురుకైనది, తప్పు జరగ్గానే నేర్చుకుంటుంది, అంతే వేగంగా మరిచిపోతుంది. రెండోది మందకొడి, ఒక్కో తప్పు నుంచి కొంచెమే నేర్చుకుంటుంది, నేర్చింది మాత్రం వదలదు. పైకి కనబడే పనితనం ఈ రెంటి మొత్తం. సభలో బ్యాంకు మిత్రులు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ల భాషలో చెబుతాను: పాస్‌బుక్కులో కనబడేది కరెంటు ఖాతా, సేవింగ్స్ ఖాతా కలిపిన మొత్తం, అందులో ఏది ఎంతో విడిగా రాసి ఉండదు.

దీనికి వాళ్లు చూపిన సాక్ష్యం నాకు చాలా ఇష్టం. ఒక పక్కకు నెట్టే బలానికి చాలాసేపు అలవాటు చేస్తారు. తర్వాత కొద్దిసేపు మాత్రం ఎదురు పక్కకు నెడతారు, చెయ్యి మామూలు స్థితికి వచ్చేదాకా. ఇప్పుడు కొలిస్తే సున్నా. నేర్చిందేమీ లేనట్టే. అప్పుడు, తప్పు జరుగుతోందో లేదో తెలియకుండా చేతిని ఒక సన్నని దారిలో బంధించి, అది పక్కలకు ఎంత బలం పెడుతోందో చూస్తూ కూర్చుంటారు. ఎవరూ ఏమీ నేర్పకపోయినా చెయ్యి మెల్లమెల్లగా మొదట నేర్చిన వైపు తిరిగి ఒత్తడం మొదలుపెడుతుంది. చురుకైనది ఎదురు పాఠాన్ని మరిచిపోతుంటే, దాని కింద దాగిన మందకొడిది బయటపడుతోందన్నమాట. సున్నా అని కొలిచిన చోట సున్నా లేదు.

2008లో విల్సాన్ జాయినర్, స్మిత్ దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ సాధన ఇచ్చి 24 గంటల తర్వాత పరీక్షించారు. సాధన ముగిసేటప్పటి పనితనం మర్నాటిదాన్ని సరిగా చెప్పలేకపోయింది. ఆ సమయానికి మందకొడి ప్రక్రియ ఎంత నేర్చిందో దాన్నిబట్టి లెక్కవేస్తే మర్నాటిది సరిపోయింది. కాసేపటికే పనితనం పై అంచుకు చేరి ఇక పెరగనట్టు కనబడుతుంది. సాధన కొనసాగిస్తే పైకి మార్పు లేకపోయినా లోపల మందకొడిది పెరుగుతూనే ఉంటుంది. ‘వచ్చేసింది కదా’ అని ఆపేసిన చోటే అసలు నిలవ మొదలవుతోంది.

ఫ్లైష్‌మన్, పార్కర్ మాటకు సమాధానం ఇక్కడే ఉంది. వారాలపాటు, ఎన్నో విడతలుగా నేర్పాక కొలిచిన పనితనంలో అప్పటికి మందకొడి భాగమే ఎక్కువ. అందుకే అది భవిష్యత్తును సరిగా చెప్పింది. ఒక పూట సీపీఆర్ శిక్షణ చివర కొలిచింది అలాంటిది కాదు.

ఎలుకల మెదడును నేరుగా చూసినవాళ్లకూ ఇలాంటి తీరే కనబడింది. 2009లో కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో యీ జువో బృందం, సందులోంచి ముంగాలు చాపి గింజ తీసుకోవడం చిట్టెలుకలకు నేర్పింది. నేర్చిన గంటలోపే కదలికల కార్టెక్స్‌లో నరకణాల కొమ్మల మీద కొత్త ముళ్లు మొలిచాయి. సాధన కొనసాగిన కొద్దీ వాటిలో కొన్ని స్థిరపడి, సాధన ఆపేశాక కూడా నిలిచాయి. మొలవడం గంట పని. నిలవడం వేరే పని.

మరి మందకొడిదాన్ని మేపేదెలా? 1978లో ఇంగ్లండులో అలన్ బాడ్లీ, లాంగ్‌మన్ చేసిన పరిశీలన మన మాస్టారి వృత్తికి నేరుగా తగులుతుంది. అక్కడి పోస్టాఫీసు పోస్ట్‌కోడ్లతో ఉత్తరాలు వేరుచేసే యంత్రాలు తెచ్చింది, పోస్టుమేన్లకు టైపు నేర్పాల్సి వచ్చింది. కొందరికి రోజుకు ఒక గంట, కొందరికి రెండు, కొందరికి నాలుగు గంటలు. నిమిషానికి 80 మీటల స్థాయి అందుకోవడానికి రోజుకు గంటవాళ్లకు సుమారు 55 గంటలు పట్టింది, నాలుగు గంటలవాళ్లకు సుమారు 80 గంటలు. నెలల తర్వాత పరీక్షిస్తే వెనకబడిందీ నాలుగు గంటలవాళ్లే. అయితే వారానికి అయిదు రోజుల లెక్కన గంటవాళ్లకు పదకొండు వారాలు, నాలుగు గంటలవాళ్లకు నాలుగు వారాలు. ఇక ఎవరు సంతోషంగా ఉన్నారని అడిగితే, నాలుగు గంటలవాళ్లు. గంటవాళ్లకు తాము వెనకబడ్డామనే బాధ. బాగా నేర్చుకుంటున్నవాడికి తాను బాగా నేర్చుకుంటున్నట్టు తెలియదు! ఈ సంగతి తెలిస్తే మాస్టారు నవ్వుకునేవారు. గంట కాగానే మమ్మల్ని లేపింది మనస్తత్వ శాస్త్రం చదివి కాదు, మిషన్లు తక్కువ, పిల్లలు ఎక్కువ అయ్యి. ఊళ్లోని మిషన్ల కరువు మాకు చేసిన మేలు అది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మీద గౌరవం ఏమీ తగ్గకుండానే నేను విభేదిస్తాను. పేజీ నిండా ఒకటే లైను కొట్టించడం గురించి. 1979లో షీ, మోర్గన్ ఒక చిన్న ప్రయోగం చేశారు. చేతిలో టెన్నిస్ బంతి పట్టుకుని, ఎదురుగా నిలబెట్టిన చెక్క ముక్కలను చెప్పిన వరసలో పడగొట్టాలి. మూడు రకాల వరసలు, మొత్తం 54 సార్లు. ఒక జట్టు ఒక రకం పూర్తిచేసి ఇంకోదానికి వెళ్లింది. రెండో జట్టుకు మూడూ కలగాపులగం. సాధన జరుగుతున్నంతసేపూ మొదటి జట్టే ముందుంది. పది నిమిషాల తర్వాత, పది రోజుల తర్వాత అడిగితే కలగాపులగం జట్టు ముందుంది. ప్రతిసారీ వేరే పనికి మారడంతో వాళ్ల చెయ్యి ప్రతిసారీ మొదట్నుంచి ఆలోచించుకోవాల్సి వచ్చింది. ఒకటే లైను ఇరవైసార్లు కొడితే రెండోసారి నుంచి ఆలోచించేదేమీ ఉండదు. అలాగని మొదటి రోజే అన్ని వేళ్లకూ అన్ని మీటలూ అప్పగించమని కాదు. పసిపిల్లలకూ, కొత్తగా చేరినవాళ్లకూ, పని చాలా క్లిష్టమైనప్పుడూ ఈ కలగాపులగం లాభం తగ్గుతుంది, ఒక్కోసారి కనబడదు. వేళ్లు మీటలను వెతుక్కునే దశ దాటాక పేజీ మార్చాలి, అంతే.

టైపు పోయి కంప్యూటరు వచ్చాక జరిగినదాన్ని మీలో చాలామంది అనుభవించారు. తెలుగు టైపుమిషను మీద చెయ్యి తిరిగినవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నరకం. డీటీపీ మిత్రుల్లో అను ఫాంట్లతో యాపిల్ కీబోర్డుకు అలవాటు పడ్డవాళ్లు, యూనికోడ్ కావాలంటే కూడా పాత పద్ధతిలోనే కొట్టి తర్వాత మార్పిడి చేసుకుంటారు. కుర్రాళ్లు దీన్ని బద్ధకం అంటారు. కాదు. ఎంఐటీ ప్రయోగంలో ఎదురు దిక్కుకు నెట్టిన రోబో లాంటిదే కొత్త కీబోర్డు. ‘క’ ఉన్న చోట మరో అక్షరం ఉంటే, రాని వేలికన్నా బాగా వచ్చిన వేలే ఎక్కువ తప్పులు చేస్తుంది. ఇక్కడ నిలవే అడ్డం. అదృష్టవశాత్తూ పరిసరాలు బాగా వేరైతే రెండూ పక్కపక్కనే బతకగలవు. రెమింగ్టన్ ముందు కూర్చోబెడితే పాత వేళ్లు, లాప్‌టాప్ ముందు కొత్త వేళ్లు. రెండు కీబోర్డులూ ఒకే యంత్రంలో ఉంటేనే చిక్కు.

చివరిగా నా వార్డు. చెయ్యి పడిపోయిన పేషెంటును కూర్చోబెట్టి స్టీలు గ్లాసు ముప్పైసార్లు ఎత్తిస్తాం. చివరి అయిదుసార్లు ఒలక్కుండా ఎత్తుతాడు. భార్య కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, మేం షీటులో మార్కు వేస్తాం. శనివారం డిశ్చార్జి. ఇంట్లో గ్లాసు బదులు చెంబు, టేబుల్ బదులు నేల మీద పీట. వచ్చే నెల రివ్యూకు వచ్చేసరికి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ‘ఇంటికెళ్లాక ప్రాక్టీసు చేయలేదు’ అని మేం ఇంటివాళ్లను గద్దిస్తాం. ఆ మార్కు వేసినప్పుడే అందులో చురుకైనదెంత, నిలిచేదెంత అని మేం అడగలేదు. తప్పులో ఎక్కువ భాగం ఆ షీటుదే.

గ్లాసు, తాళంచెవి, గుండీ కలిపి చేయించడం, ఒకే పూట రెండు గంటల బదులు పొద్దున కొంత, సాయంత్రం కొంత చేయించడం మాలాంటి చోట్ల ఇప్పుడు మొదలైంది. పక్షవాతం విషయంలో దీనికి ఆధారాలు ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగాలంత గట్టిగా లేవు. మెదడులో దెబ్బతిన్న చోటును బట్టి ఫలితం మారుతుంది. అయినా కొలత మార్చడానికి ఆ ఆధారాల కోసం ఆగక్కర్లేదు. ఈ సభలో ఫిజియోథెరపీ విద్యార్థులు వెనక వరసలో కనబడుతున్నారు, వాళ్లకోసం చెబుతున్నాను. చివరి అయిదుసార్లు చూసి మార్కు వేయకండి. రెండు రోజులు ఆగి, వేరే గ్లాసుతో, వేరే బల్ల మీద చూడండి. కొన్నాళ్ల విరామం తర్వాత మొదటి ప్రయత్నాలు ఎవరికైనా తడబడతాయి. అది మరుపు కాదు, చెయ్యి వేడెక్కకపోవడం. అందుకని ముందు రెండు నిమిషాలు ఆడనివ్వండి. ఆ రెండు నిమిషాల్లో ఏం జరిగిందో పక్కన రాసుకోండి, మార్కులో మాత్రం కలపకండి. సీపీఆర్ నేర్పే మిత్రులకూ ఇదే విన్నపం. ఏడాదికో రెండేళ్లకో ఒక రోజు శిక్షణ పెట్టే బదులు, డ్యూటీ గది మూలన బొమ్మ ఉంచి నెలకోసారి రెండు నిమిషాలు నొక్కించండి. బొమ్మ ఖర్చు ఎక్కువంటారా, ఊరికొక్కటి చాలు, వంతులు వేసుకోవచ్చు.